పాత బుల్లెట్టుకు దాని పాత నంబరు: బ్రిటన్‌లో నా అనుభవం

1955లో ఇంగ్లండులోని రెడిచ్ ఫ్యాక్టరీలో తయారై, అదే ఏడాది సోమర్సెట్ కౌంటీలో రిజిస్టరైన రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 బుల్లెట్టు ఒకటి నా చేతికి వచ్చేనాటికి దానికి నంబరు ప్లేటు ఉంది గాని నంబరు లేదు. ప్లేటు అంటే వెనక మడ్‌గార్డుకు బిగించిన తుప్పు రేకు, దాని మీద సగం రాలిపోయిన తెల్ల అక్షరాలు. నంబరు అంటే ప్రభుత్వ రికార్డులో ఆ అక్షరాలకూ ఈ బండికీ మధ్య ఉండవలసిన లంకె. ఆ లంకె ఎప్పుడో తెగిపోయింది. దానిని మళ్లీ కలిపించుకోవడానికి ఏమేం చేయవలసి వచ్చిందో, ఆ క్రమంలో బ్రిటిష్ నంబరు ప్లేట్ల చరిత్ర గురించీ వాటి యాజమాన్యం గురించీ ఏం తెలుసుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ స్థిరపడిన మన తెలుగువారిలో పాత బండ్ల మీద మోజున్నవారు నాకు తెలిసి కొందరున్నారు. వారికి ఇది పనికిరావచ్చు.

బుల్లెట్టే ఎందుకన్న ప్రశ్నకు మనవాళ్లకు పెద్దగా సంజాయిషీ చెప్పనక్కరలేదు. మన సైన్యం కోసం ఇచ్చిన ఆర్డరు పుణ్యమా అని 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది, రెడిచ్‌లోని అసలు ఫ్యాక్టరీ 1967లో మూతపడ్డా మన దేశంలో బుల్లెట్టు తయారీ ఆగలేదు. మా నాన్నగారు నడిపినది మద్రాసు బండి, నేను బ్రిస్టల్ దగ్గర కొన్నది రెడిచ్ బండి. రెండూ పక్కపక్కన పెడితే తేడాలు చెప్పడానికి కొంచెం అనుభవం కావాలి. ఒక పల్లెలో పాత పశువుల పాకను ఖాళీ చేస్తుండగా ఈ బండి బయటపడింది. అమ్మినవారు బండితోపాటు మడతలు పెట్టిన పాత లాగ్‌బుక్కును, అంటే ఆనాటి రిజిస్ట్రేషన్ పుస్తకాన్ని, ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి ఇచ్చారు. బండికి ఇచ్చిన డబ్బులో సగం విలువ ఆ కాగితానిదేనని అప్పటికి వారికీ తెలియదు, నాకూ సరిగా తెలియదు.

బండి మీద ఉన్నది మూడక్షరాలు, మూడంకెల నంబరు. అక్షరాలలో చివరి రెండూ వైసీ (YC). మొత్తం నంబరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి నంబర్లను దొంగ ప్లేట్లుగా చేసి వేరే బండికి తగిలించేవాళ్లు ఈ దేశంలోనూ తక్కువేమీ లేరు. వైసీ అంటే సోమర్సెట్ అని తెలియడానికి 120 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

బ్రిటన్‌లో మోటారు వాహనాలకు నంబరు తప్పనిసరి చేసినది 1903 నాటి మోటారు కార్ చట్టం. అది 1904 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. వేగ పరిమితిని గంటకు 20 మైళ్లకు పెంచింది కూడా ఆ చట్టమే. వేగంగా పోయే బండిని పోలీసువాడు గుర్తుపట్టాలంటే దాని మీద ఏదో ఒక గుర్తు ఉండాలి కదా అన్నది అప్పటి వాదన. నంబర్లు ఇచ్చే పని కేంద్ర ప్రభుత్వం పెట్టుకోలేదు, కౌంటీ కౌన్సిళ్లకు అప్పగించింది. 1901 జనాభా లెక్కల ప్రకారం జనం ఎక్కువున్న కౌంటీతో మొదలుపెట్టి వరుసగా అక్షరాలు పంచారు: ఏ (A) లండన్‌కు, బీ (B) లాంకషైర్‌కు, ఎఫ్ (F) ఎసెక్స్‌కు, ఓ (O) బర్మింగ్‌హామ్‌కు, చివరికెక్కడో వై (Y) సోమర్సెట్‌కు. కారుకు ఒక పౌను, మోటారు సైకిలుకు ఐదు షిల్లింగులు రుసుము. లండన్‌లో ఏ1 అనే నంబరు రెండవ ఎర్ల్ రసెల్‌కు దక్కింది. దానికోసం ఆయన రాత్రంతా బయట కాచుకున్నాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. నిజమో కాదో గాని, నంబరు మీద మనిషికుండే వ్యామోహం నంబరుతోపాటే పుట్టిందనడానికి ఆ కథ చాలు. అయితే దేశంలో మొట్టమొదట ఇచ్చినది ఏ1 కాదు. చట్టం అమలుకు ముందే, 1903 నవంబరులో, హేస్టింగ్స్ పట్టణం డీవై1ను ఇచ్చేసింది.

ఒక అక్షరం అయిపోతే రెండక్షరాలు, అవీ అయిపోతే 1932లో స్టాఫర్డ్‌షైర్‌తో మొదలుపెట్టి మూడక్షరాలు వచ్చాయి. మూడక్షరాలలో మొదటిది వరుసక్రమం కోసం, మిగిలిన రెండూ ఊరి గుర్తు. సోమర్సెట్‌కు వై తరువాత వైఏ, వైబీ, వైసీ, వైడీ దక్కాయి. 1963లో నంబరు చివర సంవత్సరాన్ని తెలిపే అక్షరం చేర్చడం మొదలైంది. అంటే అంతకుముందు నాటి నంబర్లలో ఏడాది గుర్తు ఉండదు. ఈ దేశంలో నేటి నంబర్ల వ్యాపారం చాలావరకు ఈ ఒక్క లక్షణం మీదే నిలబడి ఉంది. ఏడాది చెప్పని నంబరు ఏ కారుకైనా అతుకుతుంది, కారు వయసును దాచిపెడుతుంది, పైగా చిన్నదిగా ఉంటుంది. ఉత్తర ఐర్లండులో ఐ, జెడ్ అక్షరాలతో ఇచ్చే నంబర్లు ఇప్పటికీ ఏడాది గుర్తు లేకుండానే వస్తాయి కాబట్టి, తక్కువ ధరలో వయసు దాచుకోదలచినవారు అవి కొంటారు. కారును ఉన్న వయసుకంటే కొత్తదిగా చూపే నంబరు పెట్టడం మాత్రం నిషిద్ధం. పాతదిగా చూపుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

నా బండి సంగతికి వస్తే, లంకె తెగిన కారణం ఇది. 1970ల దాకా ప్రతి కౌన్సిలూ తన దగ్గర పెద్ద పెద్ద పుస్తకాలలో నంబర్లు నమోదు చేసుకునేది. 1974 నుంచి ఆ పనిని వేల్స్‌లోని స్వాన్సీలో ఉన్న కేంద్ర కార్యాలయానికి, కంప్యూటరుకు మార్చారు. రోడ్డు మీద తిరుగుతూ పన్ను కడుతున్న బండ్ల వివరాలు క్రమంగా వాటంతటవే కంప్యూటరులోకి చేరాయి. పాకల్లో, షెడ్లలో పడి ఉన్న బండ్ల యజమానులు తమంతట తాము రాసి నమోదు చేయించుకోవాలి. దానికి చివరి గడువు 1983 నవంబరులో ముగిసింది. అప్పటికి చేరని నంబర్లు రికార్డు దృష్టిలో లేనట్టే లెక్క. నా బుల్లెట్టుకు చివరగా పన్ను కట్టింది 1960లలో అని లాగ్‌బుక్కులోని ముద్రలే చెబుతున్నాయి. తరువాత అది పాకలోకి వెళ్లింది, దాని నంబరు గడువుతోపాటే గతించింది.

పాత బండ్ల సంఘాలు అభ్యంతరం చెప్పిన మీదట, అలాంటి నంబర్లను తిరిగి పొందడానికి ఒక పద్ధతి ఏర్పడింది. దరఖాస్తు ఫారం పేరు మీదుగా దానిని అందరూ వీ765 అనే పిలుస్తారు. సూత్రం సులభమే: ఈ ఫ్రేముకే ఆ నంబరు ఉండేదని 1983కు ముందు నాటి పత్రంతో నిరూపించాలి, గుర్తింపు పొందిన ఒక ఓనర్ల క్లబ్బు బండిని పరిశీలించి ఆ మాట నిజమేనని సంతకం చేయాలి, ఆ నంబరు ఈలోగా మరే బండికీ ఇచ్చి ఉండకూడదు. నిరూపించలేకపోతే బండికి దాని వయసుకు తగిన, పాత వరుసలలో ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయిన నంబరు ఒకటి ఇస్తారు. అది చూడడానికి పాతదిలాగే ఉంటుంది, నల్ల రేకు మీద తెల్ల అక్షరాలతో రాసుకోవచ్చు కూడా. చాలామంది దానితో సరిపెట్టుకుంటారు. నేను సరిపెట్టుకోలేదు. బండి మీద ఇంకా ఆనవాళ్లున్న అక్షరాలను చెరిపి వేరేవి రాయడం నాకు నచ్చలేదు, అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ముందుగా ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూశాను. అలాంటి వాహనం లేదన్న జవాబు వచ్చింది. మామూలుగా ఆ జవాబు చూస్తే దిగులు పడాలి, ఇక్కడ మాత్రం అది శుభవార్త. నంబరు మరో బండి పేరుతో కనిపించి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

తరువాత లాగ్‌బుక్కు. 1920 నాటి రోడ్ల చట్టం తరువాత, 1921 నుంచి, ప్రతి బండికీ ఇలాంటి పుస్తకం ఇచ్చేవారు. దళసరి కాగితం, మడతలు, లోపల బండి తయారీదారు పేరు, ఫ్రేము నంబరు, ఇంజను నంబరు, రంగు, పన్ను తరగతి, మొదటిసారి రిజిస్టరైన తేదీ ఉంటాయి. యజమాని మారిన ప్రతిసారీ కొత్త పేరు, చిరునామా రాసి కౌన్సిలు ముద్ర కొట్టేవారు. నా పుస్తకంలో ఇంజను నంబరు స్పష్టంగా ఉంది. ఫ్రేము నంబరు చివరి అంకె మీదుగా మడత పోయింది, ఆ మడతలో చెమ్మ దిగి సిరా అలుక్కుపోయింది. అది మూడో ఎనిమిదో ఎవరూ చెప్పలేరు. బండి ఫ్రేము తల దగ్గర పొడిచిన అంకె మాత్రం నిస్సందేహంగా ఎనిమిది. వీ765 విషయంలో ఇంజను కంటే ఫ్రేముకే విలువ, ఎందుకంటే అరవై డెబ్బై ఏళ్లలో ఇంజన్లు మారతాయి, ఫ్రేము మారితే అది వేరే బండి. కాబట్టి ఆ ఒక్క అంకె కోసం మరో సాక్ష్యం వెతకవలసి వచ్చింది.

ఇక్కడే కౌన్సిళ్ల పాత రిజిస్టర్ల కథ తెలుసుకున్నాను. పని స్వాన్సీకి పోయాక ఆ పుస్తకాలతో ఇక అవసరం లేదని కొన్ని కౌన్సిళ్లు వాటిని పారేశాయి, కొన్ని తగలబెట్టాయి. కొన్నిచోట్ల ఎవరో ఒక గుమస్తానో, స్థానిక చరిత్రకారుడో పట్టుబట్టి కాపాడారు. అలా చెదిరిన రికార్డులను సేకరించి భద్రపరిచిన కిట్‌హెడ్ ట్రస్టు అనే సంస్థ ఒకటి వూస్టర్‌షైర్‌లోని డ్రాయిట్‌విచ్‌లో ఉంది. పాత బండ్లవాళ్లకు అది చిరపరిచితం. నా అదృష్టం బాగుండి సోమర్సెట్ రికార్డులు సోమర్సెట్ ఆర్కైవ్స్‌లోనే, టాంటన్ పట్టణంలోని హెరిటేజ్ సెంటర్‌లో ఉన్నాయి. ముందుగా ఈమెయిలు రాసి, నంబరు చెప్పి, ఏ రిజిస్టరు కావాలో వాళ్ల చేతనే ఖరారు చేయించుకుని వెళ్లాను.

రీడింగు రూములో పెన్నుకు అనుమతి లేదు, పెన్సిలే. నురుగు దిండు మీద పెట్టి ఇచ్చిన ఆ రిజిస్టరు మన తహసీల్దారు కార్యాలయాల్లోని పాత అడంగల్ పుస్తకాల పెద్దన్నలా ఉంది. నంబర్లు వరుసగా ముందే రాసి ఉన్నాయి, ఎదురుగా ఖాళీలలో ఎవరెవరో గుమస్తాలు వేర్వేరు చేతిరాతలతో నింపారు. ఒకే పేజీలో ఒక ట్రాక్టరు, రెండు మోటారు సైకిళ్లు, ఒక వైద్యుడి మోరిస్ మైనర్, ఒక రొట్టెల వ్యాను. ఆ వారం ఆ కౌంటీలో కొత్తగా రోడ్డెక్కినవన్నీ అక్కడున్నాయి. నా నంబరుకు ఎదురుగా రాయల్ ఎన్‌ఫీల్డ్, 350 సీసీ, ఫ్రేము నంబరు, చివర స్పష్టమైన ఎనిమిది. కొన్న మనిషి ఒక పాడి రైతు. చాలా కౌంటీల రిజిస్టర్లలో ఫ్రేము నంబరు గడి ఖాళీగా ఉంటుందని, యజమాని పేరు తప్ప ఏమీ ఉండదని అక్కడి ఉద్యోగిని చెప్పింది. అలాంటి చోట రిజిస్టరు ఉన్నా రుజువుకు పనికిరాదు. ఆ పేజీకి ధ్రువీకరించిన నకలు కావాలని, దాని మీద ఆర్కైవ్స్ ముద్ర, సంతకం, తేదీ ఉండాలని అడిగాను. మామూలు ఫొటోకాపీకీ ముద్ర పడిన నకలుకూ రుసుములో తేడా చిన్నదే గాని, దరఖాస్తులో మొదటిది చెల్లదు, రెండవది చెల్లుతుంది.

తరువాతి మెట్టు క్లబ్బు. ఏయే తయారీ బండ్లకు ఏయే క్లబ్బులు సంతకం చేయవచ్చో స్వాన్సీలోని డీవీఎల్‌ఏ ఒక జాబితా ప్రకటిస్తుంది, మన డీటీవో కార్యాలయాలు చేసే పనులన్నీ ఇక్కడ దేశమంతటికీ కలిపి చేసే సంస్థ అదే. ఎన్‌ఫీల్డులకు రాయల్ ఎన్‌ఫీల్డ్ ఓనర్స్ క్లబ్ ఉంది. అందులో ఈ పని చూసేవారు జీతం తీసుకునే ఉద్యోగులు కారు, రిటైరైన పెద్దమనుషులు. ఫ్రేము నంబరునూ ఇంజను నంబరునూ చూసి బండి ఏ ఏడాదిదో, ఏ మోడలుదో చెప్పగలరు. నాకు దగ్గరలో ఉన్న ఒకాయన ఇంటికి వచ్చి చూస్తానన్నారు. దానికి ముందు బండి పూర్తిగా బిగించి ఉండాలి, విడిభాగాల కుప్పకు నంబరు ఇవ్వరు. కాబట్టి ఇంజను విప్పి సరిచేయించడం, చక్రాలకు కొత్త చువ్వలు వేయించడం, వైరింగు మార్చడం అన్నీ ముందే పూర్తి చేశాను. ఆ పనుల వర్ణన మరో వ్యాసమంత అవుతుంది గనుక వదిలేస్తున్నాను.

ఆయన వచ్చి ముందుగా అడిగింది టీ కాదు, టార్చిలైటు. ఫ్రేము మీద పొడిచిన నంబరు పైన పల్చని కాగితం పెట్టి మెత్తని పెన్సిలుతో రుద్ది అచ్చు తీశారు. అంకెల ఆకారం, వాటి మధ్య ఎడం, పొడిచిన లోతు ఫ్యాక్టరీ అచ్చులతో సరిపోతున్నాయా అని భూతద్దంతో చూశారు. నంబరు కోసం పాత లాగ్‌బుక్కు కొని, దానిలోని ఫ్రేము నంబరును ఏదో అనామక ఫ్రేము మీద కొత్తగా పొడిచే మోసాలు జరుగుతాయట. ఒక్క లాగ్‌బుక్కు మాత్రమే ఇంటర్నెట్ వేలాల్లో బండి లేకుండా అమ్ముడుపోతుండడం నేనూ చూశాను, అప్పుడు దాని ధర చూసి ఆశ్చర్యపోయాను గాని కారణం ఆలోచించలేదు. ముందు మడ్‌గార్డు మీద ఇరువైపులా కనిపించే వంపు తిరిగిన రేకు ప్లేటును ఆయన మెచ్చుకున్నారు. 1975లో మోటారు సైకిళ్లకు ముందు ప్లేటు నిబంధన తొలగించాక చాలామంది దానిని పీకేశారట. ఢీకొంటే పాదచారులను కోసేసే ఆ రేకుకు ఇక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు భయానకంగా ఉంటుంది, అది వేరే సంగతి.

క్లబ్బు సంతకం అయ్యాక వీ765 ఫారాన్ని, వాడిన వాహనాన్ని మొదటిసారి నమోదు చేయించే వీ55/5 ఫారంతో జతచేశాను. లాగ్‌బుక్కు, ఆర్కైవ్స్ నకలు, పెన్సిలు అచ్చు, బండి నాలుగు వైపుల ఫొటోలు, నా గుర్తింపు పత్రాల నకళ్లు, బీమా పత్రం అన్నీ కలిపి స్వాన్సీకి రిజిస్టర్డు పోస్టులో పంపాను. మూల లాగ్‌బుక్కు తిరిగి కావాలని విడిగా ఒక ఉత్తరం పెట్టడం మంచిదని క్లబ్బువారు చెప్పారు, అలాగే పెట్టాను, తిరిగి వచ్చింది. బీమా దగ్గర ఒక చిన్న చిక్కుంటుంది: నంబరు లేనిదే మామూలు కంపెనీల వెబ్‌సైట్లు ఒక్క అడుగు కూడా ముందుకు పోనివ్వవు. పాత బండ్లకు బీమా చేసే ప్రత్యేక సంస్థలు ఫ్రేము నంబరు మీద తాత్కాలికంగా పాలసీ ఇచ్చి, నంబరు వచ్చాక దానిని చేరుస్తాయి. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి రోడ్డు పన్ను సున్నా, అయినా పన్ను దరఖాస్తు చేయక తప్పదు. 2018 మే నుంచి అలాంటి బండ్లకు, పెద్ద మార్పులు చేయనంతవరకు, ఏటేటా జరిగే ఎంవోటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. నేను మాత్రం చేయించాను. బ్రేకులు సరిగా ఉన్నాయని నేను అనుకోవడం వేరు, పరీక్షించినవాడు కాగితం మీద రాసివ్వడం వేరు.

కొన్ని వారాలకు వీ5సీ వచ్చింది, ఇక్కడి ఆర్‌సీ అదే. నంబరు గడిలో పాత అక్షరాలు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర 1955 నాటి రిజిస్టరులోని తేదీ. దానితోపాటే ఒక వాక్యం ఉంది: ఈ నంబరు బదిలీకి వీలులేనిది. నా దృష్టిలో ఈ పద్ధతి మొత్తంలో ముఖ్యమైనది ఆ వాక్యమే. దాని విలువ తెలియాలంటే బదిలీ అయ్యే నంబర్ల లోకాన్ని కొంచెం చూడాలి.

బ్రిటన్‌లో ఒక బండి నంబరును తీసి అట్టిపెట్టుకోవచ్చు, మరో బండికి మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ప్రస్తుతం దానికి 80 పౌన్ల రుసుము కట్టాలి. 1989లో ప్రభుత్వమే వ్యాపారంలోకి దిగింది. అంతకుముందు ఎవరికీ ఇవ్వకుండా దాచి ఉంచిన నంబర్లను వేలం వేయడం మొదలుపెట్టి, ఇప్పటివరకు వందకోట్ల పౌన్లకు పైగా ఖజానాకు చేర్చింది. ఆ ఏడాది క్రిస్టీస్ వేలంలో 1 ఏ అనే నంబరు 160,000 పౌన్లకు పోయింది. 2008లో ఎసెక్స్ కౌంటీ కౌన్సిలు తన చేతిలో ఉన్న ఎఫ్1ను 440,000 పౌన్లకు పైగా ధరకు అమ్మింది. ఫార్ములా వన్ కార్ల పందేల కారణంగా ఆ నంబరుకు అంత విలువ వచ్చింది గాని, ఎసెక్స్‌కు అది కేవలం తన కౌంటీ మొదటి నంబరు. 2014లో 25 ఓ (25 O) అనే నంబరును ఒక ఫెరారీ వ్యాపారి పన్నులు, రుసుములతో కలిపి 518,000 పౌన్లకు కొన్నాడు. కొన్నవాళ్లెవరికీ ఆ నంబరు మీద యాజమాన్యం మాత్రం రాదు. 1994 నాటి వాహన ఎక్సైజు, రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దక్కేది దానిని బండికి పెట్టుకునే హక్కు మాత్రమే, నంబరు ప్రభుత్వానిదే. నిబంధనలు ఉల్లంఘించి అక్షరాలను జరిపి, విడదీసి పేరులా కనిపించేటట్టు రాస్తే ఆ హక్కును వెనక్కి తీసుకోవచ్చు కూడా.

ఈ వ్యాపారం పాత బండ్లకు చేసిన హాని తక్కువది కాదు. ఒక పాత మోటారు సైకిలుకంటే దాని నంబరుకే ఎక్కువ ధర పలుకుతుంటే, నంబరు కోసమే బండిని కొని, నంబరు పీకేసి, బండిని గాలికి వదిలేసినవాళ్లు ఎందరో ఉన్నారు. వీ765 ద్వారా తిరిగి వచ్చే నంబర్లు బదిలీ కాకూడదన్న నిబంధన ఆ బేరాన్ని ఆపడానికే. షెప్టన్ మాలెట్‌లో జరిగే పాత మోటారు సైకిళ్ల ప్రదర్శనకు నా బండిని తీసుకెళ్లినప్పుడు ఒక నంబర్ల వ్యాపారి చాలాసేపు తిరిగి తిరిగి చూసి, అక్షరాలు ఎవరి పేరుకు సరిపోతాయో లెక్కలు వేసి ధర మాట్లాడబోయాడు. వీ765 అనగానే నవ్వి, విజిటింగు కార్డు జేబులో పెట్టుకుని పక్క బండి దగ్గరికి వెళ్లాడు. అంత త్వరగా ముగిసిన బేరం నేనెప్పుడూ చూడలేదు. కావాలంటే ఇలా చెప్పవచ్చు: అమ్ముడుపోయే నంబరు మనిషిది, అమ్ముడుపోనిది బండిది. నాకు రెండోదే కావాలి. మొదటి రకం నంబర్లు కొనుక్కునేవారిని తప్పుపట్టను, కాని దానిని చరిత్ర అని పిలిస్తే మాత్రం ఒప్పుకోలేను. ఎఫ్1ను ఏ ఏడాది ఏ బండికి మొదట ఇచ్చారో ఆ అమ్మకం వార్తలు చదివినవాళ్లలో ఎంతమంది పట్టించుకుని ఉంటారు?

ప్లేటు తయారీ చివరి పని. ఇక్కడ ఏ దుకాణమూ నోటి మాట మీద ప్లేటు చేసి ఇవ్వదు. ఇంగ్లండు, వేల్స్‌లలో 2003 నుంచి ప్లేటు అమ్మేవారు నమోదు చేసుకోవాలి, కొనేవారు గుర్తింపు పత్రమూ వీ5సీ వంటి హక్కు పత్రమూ చూపాలి. 1980 జనవరి 1కి ముందు తయారై చారిత్రక తరగతిలో నమోదైన బండ్లకు మాత్రమే నల్ల ప్లేటు మీద తెల్లని లేదా వెండిరంగు అక్షరాలకు అనుమతి ఉంది. నేను అల్యూమినియం రేకు మీద ఉబ్బెత్తు అక్షరాలతో వెనక ప్లేటు చేయించాను. ముందు మడ్‌గార్డు మీది పాత రేకును మార్చలేదు, సైన్‌బోర్డులు రాసే ఒక పెద్దాయన చేత్తో తెల్లరంగు వేసి అక్షరాలు దిద్దారు. వెనకది యంత్రం చేసింది, ముందుది చేయి చేసింది, రెండూ ఒకేలా లేవు. క్లబ్బువారు అదే సరైనదన్నారు.

ఈ పని సాగినంతకాలం మన దగ్గర సంగతులతో పోల్చుకుంటూనే ఉన్నాను. నాన్నగారు ఫోనులో, "బండి బాగు చేయించడానికి కంటే నంబరుకే ఎక్కువ తిరుగుతున్నావేంరా" అని విసుక్కున్నా, తన బుల్లెట్టు పాత మూడక్షరాల నంబరు మాత్రం ఆయనకు నోటికి వచ్చు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుంచి అమలైనప్పుడు మనకు ఇప్పటి రాష్ట్రం, జిల్లా, అంకెల పద్ధతి వచ్చింది. విజయవాడ అంటే ఏపీ 16, గుంటూరు అంటే ఏపీ 7, ఖైరతాబాదు అంటే ఏపీ 9 అని మనకు ఊళ్ల పేర్లలా అలవాటయ్యాయి. 2014లో తెలంగాణకు టీఎస్ వచ్చింది, 2024 మార్చిలో అది టీజీ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లా గుర్తులు పోయి రాష్ట్రమంతటికీ ఏపీ 39 మొదలైంది. ఇంగ్లండువారు ఒక శతాబ్దంపాటు కాపాడుకున్న ఊరి గుర్తును మనం మూడు దశాబ్దాలకే వదిలేసుకున్నామని నాకు కొంచెం దిగులు. పోలీసు తనిఖీకి, కంప్యూటరుకు అది సౌకర్యమే, కాదనను.

మనవాళ్ల ఫ్యాన్సీ నంబర్ల వేలాల ధరలూ ఇంగ్లండుకు తీసిపోవు. 2025 ఏప్రిల్‌లో కేరళలో కేఎల్ 07 డీజీ 0007 అనే నంబరుకు 45.99 లక్షలు పలికింది. ఖైరతాబాదులో 9999 కోసం జరిగే పోటీ వార్తలు ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. తేడా ఏమిటంటే, మన వేలాల్లో అమ్ముడుపోయేది అప్పుడే పుట్టిన నంబరు, దానికి గతం లేదు. పాత నంబరుకు గౌరవం ఇచ్చిన నిబంధన మన దగ్గర 2021 జూలైలో వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన, మౌలికంగా మార్పు చేయని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా కేంద్రం గుర్తించింది. కొత్తగా నమోదు చేస్తే 20,000 రూపాయల రుసుముతో వీఏ అక్షరాలున్న నంబరు పదేళ్లకు ఇస్తారు. ఇదివరకే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. అయితే ఆ బండిని రోజూ వాడుకోకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు.

నా రెడిచ్ బండిని ఒకసారి ఊరికి పంపించమని నాన్నగారు అడిగారు. దిగుమతి సుంకాలు, అనుమతుల సంగతి అలా ఉంచినా, బండి శాశ్వతంగా ఈ దేశం దాటితే వీ5సీలోని ఎగుమతి భాగాన్ని నింపి స్వాన్సీకి పంపాలి. అక్కడ దిగాక దానికి మన దేశపు నంబరే పెట్టాలి. సోమర్సెట్ అక్షరాలు ఇంకే బండికీ పోవు గాని, ఈ బండి మీద కూడా ఉండవు. అందుకని బండి బ్రిస్టల్‌లోనే ఉంటుందని చెప్పాను. ఆయన వేసవిలో వస్తానన్నారు, వీసాకు కావలసిన కాగితాలు సిద్ధం చేస్తున్నాను.